లైటెందుకు మినుక్కుమంటోంది? – ఓ వందేళ్ళ లెగసీ కథ

మా నాన్న బండికి ఎల్ఈడీ బల్బు వేయించి పుణ్యం కట్టుకుందామనుకున్నాను. పాపం మూటగట్టుకున్నాను. ముందు ఆ కథ చెబుతాను. చరిత్ర దాని వెనకాలే వస్తుంది.

2021 సంక్రాంతికి ఊరెళ్ళాను. నాన్న రిటైరైన మాస్టారు. 2007లో కొన్న 100 సీసీ బండి ఆయనది, ఇప్పటికీ దాని మీదే పొలానికి వెళ్ళొస్తుంటారు. అంతకు ముందు ఏడాదే కంట్లో శుక్లాలకి ఆపరేషనయింది. "రాత్రిపూట కాలవగట్టు మీద సరిగ్గా ఆనట్లేదురా" అన్నారు మాటల మధ్యలో. అంతే, నాలోని ఇంజనీరు నిద్ర లేచాడు. టౌనుకి తీసుకెళ్ళి ఓ ఏక్సెసరీస్ షాపులో నాలుగొందలు పెట్టి ఎల్ఈడీ హెడ్‌లైట్ బల్బు వేయించాను. పది నిమిషాల పని. పాల లాంటి తెల్లటి వెలుతురు. నాన్న కూడా ముచ్చట పడ్డారు.

ఇంటికొచ్చాక చూస్తే, బండి రేజ్ చేసినప్పుడు బానే వెలుగుతోంది కానీ ఐడ్లింగ్‌లో మినుకు మినుకుమంటోంది. షాపు కుర్రాడికి ఫోన్ చేస్తే "ఏం కాదు సార్, కొంచెం రేజ్ ఇస్తే సెట్ అయిపోద్ది" అన్నాడు. నాకు మర్నాడే బస్సు. సరేలే అనుకుని వచ్చేశాను. ఈ "సరేలే" దగ్గరే ప్రొడక్షన్‌లో కొంపలు మునుగుతాయని మనకి తెలియందేం కాదు!

మూడు వారాల తరువాత ఓ రాత్రి కాలవగట్టు మీద ఎదురుగా గేదెలొచ్చాయిట. నాన్న బండి స్లో చేశారు. లైటు రెండుసార్లు కొట్టుకుని పూర్తిగా ఆరిపోయింది. ఒకపక్క కాలవ, ఇంకోపక్క పల్లం. సెల్ఫోన్ టార్చి చొక్కా జేబులో పెట్టుకుని, బండి నడిపించుకుంటూ రెండు కిలోమీటర్లు వచ్చారు. ఈ సంగతి ఆయన నాకు చెప్పలేదు, అమ్మ చెప్పింది. నేను తీసి పారేయమన్న పాత బల్బుని ఆయన కాగితంలో చుట్టి బండి సైడ్ బాక్సులో దాచారు. మర్నాడు మళ్ళీ దాన్నే పెట్టించుకున్నారు.

నాకు తలకొట్టేసినట్టయింది. మా ఊరి మెకానిక్‌కి ఫోన్ చేశాను. పాతికేళ్ళుగా రోడ్డు పక్కన షెడ్డు నడుపుతున్న పెద్దాయన. ఆయనన్న మాట ఇప్పటికీ గుర్తుంది. "బల్బు మంచిదే బాబూ, బండీ మంచిదే. రెండిటికీ పరిచయం లేదు, అంతే."

ఆ పరిచయం ఎందుకు లేదో తెలుసుకుందామని తవ్వుకుంటూ పోతే వందేళ్ళు వెనక్కి వెళ్ళాల్సొచ్చింది. సాఫ్ట్‌వేరులో ఉన్న మనందరికీ బాగా అలవాటైన కథే అది. కాకపోతే కోడ్ బదులు రాగి తీగలతో రాసింది.

మొదట్లో కార్లకి కరెంటు లైట్లు లేవు. కార్బైడు మీద నీళ్ళ బొట్లు పడితే పుట్టే ఎసిటిలీన్ గ్యాసుతో వెలిగే దీపాలుండేవి. మన ఊరేగింపుల్లో ఒకప్పుడు కార్బైడు దీపాలు ఉండేవి చూడండి, ఆ జాతివే. 1912 మోడల్ క్యాడిలాక్ కారుకి చార్లెస్ కెటరింగ్ తయారుచేసిన కరెంటు స్టార్టర్ వచ్చింది. దానితో పాటు కారులోకి బ్యాటరీ, దాన్ని ఛార్జ్ చేసే జనరేటరు, కరెంటు లైట్లు ఒక కుటుంబంగా కాపురం పెట్టాయి. అది డబ్బున్నవాళ్ళ కారు.

సామాన్యుడి కారైన ఫోర్డ్ మోడల్ టీ కథ వేరు. 1915 మోడల్ నుంచి దానికీ కరెంటు హెడ్‌లైట్లు వచ్చాయి గానీ, ఖర్చు కలిసొస్తుందని బ్యాటరీ పెట్టలేదు. ఇంజన్ ఫ్లైవీల్‌కి అయస్కాంతాలు బిగించి, ఎదురుగా రాగి కాయిల్స్ పెట్టారు. ఇంజన్ తిరిగితే కరెంటు పుడుతుంది. దాన్నే మాగ్నెటో అంటారు. పుట్టేది ఏసీ. ఇంజన్ నెమ్మదిగా తిరిగితే లైటు గుడ్డిగా, వేగంగా తిరిగితే కళ్ళు చెదిరేలా వెలిగేది. మరీ వేగం పెంచితే బల్బు కాలిపోయేది కూడా. రాత్రిపూట చౌరస్తాలో ఆగితే దారి కనపడాలని ఇంజన్‌ని రేజ్ చేసేవాళ్ళు.

ఎక్కడో విన్నట్టు లేదూ? మా షాపు కుర్రాడు చెప్పిందీ అదే!

అసలు విషయమేంటంటే, మోడల్ టీ తయారీ 1927లో ఆగిపోయినా దాని లైటింగ్ పద్ధతి మాత్రం చచ్చిపోలేదు. మోటారు సైకిళ్ళలోకి, మోపెడ్లలోకి, స్కూటర్లలోకి చేరింది. మనదేశంలో 1985లో హీరో హోండా సీడీ 100తో మొదలైన 100 సీసీ ఫోర్‌స్ట్రోక్ యుగం గుర్తుంది కదా. ఆ తరవాత దశాబ్దాల పాటు మన చిన్న బళ్ళలో చాలావాటికి హెడ్‌లైట్ బ్యాటరీ నుంచి కాక నేరుగా ఇంజన్ కాయిల్ నుంచే వెలిగేది. హారను, ఇండికేటర్లు, బ్రేకు లైటు మాత్రం బ్యాటరీ మీద.

ఇది తెలివితక్కువ డిజైన్ అనుకుంటే పొరపాటు. లెక్క వేసి చూడండి. ఆ బళ్ళలో ఉండేది 12 వోల్టులు, రెండున్నర ఆంపియర్-అవర్ల చిన్న బ్యాటరీ. హెడ్‌లైట్ 35 వాట్లు, అంటే దాదాపు మూడు ఆంపియర్లు. బ్యాటరీ మీద పెడితే ఇంజన్ తోడు లేకుండా గంటసేపు కూడా రాదు. అదే కాయిల్ మీదైతే, బ్యాటరీ పూర్తిగా చచ్చినా సరే కిక్కు కొడితే బండి స్టార్టవుతుంది, లైటు వెలుగుతుంది. పల్లెటూళ్ళో బ్యాటరీ నీళ్ళు చూసుకునే తీరికా ఓపికా లేని మనిషి కోసం చేసిన డిజైన్ అది. చవగ్గా ఉంటుంది, మొండిగా పనిచేస్తుంది. ఐడ్లింగ్‌లో లైటు కాస్త మసకబారుతుంది, అంతే. దాన్ని ఎవరూ తప్పనుకోలేదు.

ఈ ఏర్పాటు ఇన్నాళ్ళు గుట్టుగా నడవడానికి కారణం పాత ఫిలమెంటు బల్బు. అది ఎంత ఓర్పు గలదంటే, ఏసీ ఇచ్చినా డీసీ ఇచ్చినా ఒకటే దానికి. వోల్టేజి తగ్గితే కాస్త ఎర్రగా, పెరిగితే తెల్లగా వెలుగుతుంది తప్ప అలిగి కూర్చోదు. కరెంటు క్షణంలో వందో వంతు ఆగినా దాని టంగ్‌స్టన్ తీగ వేడిగానే ఉంటుంది కాబట్టి వెలుగుతూనే ఉంటుంది. అంటే బల్బు వెలుతురివ్వడంతో పాటు, ఒడిదుడుకుల్ని తనలో కలిపేసుకునే బఫర్‌గా కూడా పనిచేసింది. ఈ రెండో ఉద్యోగానికి జీతం లేదు, ఏ డాక్యుమెంటులోనూ రాసి లేదు.

ఇప్పుడు ఆ స్థానంలో ఎల్ఈడీ కూర్చుంది. ఎల్ఈడీ అంటే డయోడు. ఒక దిక్కున వచ్చే కరెంటునే తీసుకుంటుంది. ఏసీలో సగం దానికి పనికిరాదు. పైగా సూక్ష్మ క్షణాల్లో వెలుగుతుంది, అంతే వేగంగా ఆరుతుంది. కాయిల్‌కి ఎనిమిది పోల్స్ ఉన్నాయనుకుందాం. 1400 ఆర్పీఎం ఐడ్లింగ్‌లో సెకనుకి సుమారు 93 సైకిళ్ళ ఏసీ పుడుతుంది. బల్బులో ఆ సగాలు రెండిటినీ కలిపే బ్రిడ్జి, నింపి ఉంచే కెపాసిటర్ సరిగ్గా లేకపోతే, ఎల్ఈడీ సెకనుకి 93 సార్లు వెలిగి ఆరుతుంది. కన్ను నిలకడగా ఉంటే దీన్ని పట్టుకోలేకపోవచ్చు గానీ, చూపు కదిలించారంటే వెలుతురు పూసలు పూసలుగా కనపడుతుంది.

మా నాన్న బండిలో కంటికి స్పష్టంగా కనిపించిన మినుకు మాత్రం ఇంకో రకం. ఎల్ఈడీ బల్బులో ఓ చిన్న డ్రైవర్ సర్క్యూట్ ఉంటుంది. దానికి పనిచేయడానికి కనీసం ఇన్ని వోల్టులు కావాలని ఓ హద్దుంటుంది. ఐడ్లింగ్‌లో కాయిల్ ఆ హద్దు దగ్గరే తచ్చాడుతుంది. డ్రైవర్ లేస్తుంది, కరెంటు లాగుతుంది. లాగగానే వోల్టేజి పడిపోతుంది. డ్రైవర్ ఆగిపోతుంది. లోడు పోయింది కాబట్టి వోల్టేజి మళ్ళీ లేస్తుంది. డ్రైవర్ మళ్ళీ లేస్తుంది... ఇది మనం సర్వర్ల మీద రోజూ చూసే రీస్టార్ట్ లూపే కదా! ఇంకోవైపు ఇంజన్ వేగంగా తిరిగినప్పుడు కాయిల్ ఇచ్చే వోల్టేజి ఎగదన్నుళ్ళకి చవక డ్రైవర్ కొద్దికొద్దిగా దెబ్బతింటూ పోతుంది. ఓ రోజు గేదెలు ఎదురొచ్చినప్పుడు పూర్తిగా చేతులెత్తేస్తుంది. షాపు కుర్రాడు చెప్పినట్టు రేజ్ చేయడమంటే మినుకు ఆపి, చావుని దగ్గరకి పిలవడం అన్నమాట.

ఇది హెడ్‌లైట్ సంగతి. ఇండికేటర్ల కథ ఇంకా బాగుంటుంది.

వెలిగి ఆరే ఇండికేటర్ని ఫ్యాక్టరీలోనే బిగించి అమ్మడం 1939 మోడల్ బ్యూయిక్ కార్లతో మొదలైంది. అంతకుముందు చెయ్యి బయటపెట్టి చూపించేవాళ్ళు. యూరప్ కార్లలో అయితే తలుపు పక్కనుంచి రైలు సిగ్నల్లా చిన్న చెయ్యి పైకి లేచేది. ఆ రోజుల్లో ట్రాన్సిస్టర్ లేదు, చిప్పు లేదు. మరి బల్బుని లయగా వెలిగించి ఆర్పడం ఎలా? ఫ్లాషర్ అనే చిన్న డబ్బాతో ఆ సమస్య తీర్చారు. బల్బుకి వెళ్ళే కరెంటే ఆ డబ్బాలోని ఓ లోహపు పట్టీని కూడా వేడి చేస్తుంది. వేడెక్కిన పట్టీ వంగుతుంది, కాంటాక్టు తెగుతుంది, లైటు ఆరుతుంది. చల్లారగానే మళ్ళీ కలుస్తుంది, లైటు వెలుగుతుంది. ఆ వంగడం, కలవడమే మనకి వినిపించిన టిక్-టక్.

చూశారా, ఇక్కడ గడియారంలో సగం బల్బే! బల్బు ఎంత కరెంటు లాగితే దాన్నిబట్టే లయ. రెండు 21 వాట్ల బల్బులు, పక్కనో 5 వాట్ల చిన్న బల్బు కలిపి 47 వాట్లు, అంటే సుమారు 3.9 ఆంపియర్లు. డబ్బాని ఆ లెక్కకే తయారుచేశారు. ఇందులోంచి అడగని వరం ఒకటి దొరికింది. ఒక బల్బు మాడిపోతే కరెంటు తగ్గి లయ మారిపోయేది, లేదా ఆగిపోయేది. డ్రైవరు కారు దిగకుండానే, చెవితోనే బల్బు పోయిందని కనిపెట్టేవాడు. ఈ సౌకర్యం ఎంతగా అలవాటైందంటే, ఇండికేటర్ బల్బు పోతే డ్రైవరుకి తెలియాలన్నది తరవాత అమెరికా, యూరప్ నిబంధనల్లోకి కూడా ఎక్కింది. పుట్టుకతో అదో సైడ్ ఎఫెక్టు, పెరిగి పెద్దయ్యాక రిక్వైర్‌మెంటు అయి కూర్చుంది.

లోహపు పట్టీ పోయి ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ వచ్చాక ఏం చేశారు? లయకి ఇక బల్బుతో పనిలేదు. అయినా సరే, బల్బు పోతే చెప్పే గుణాన్ని మాత్రం పనిగట్టుకుని కొత్త చిప్పులో అమర్చారు. కరెంటు కొలుస్తుంది, తక్కువైతే వేగం సుమారు రెట్టింపు చేస్తుంది. ఇప్పుడు మీరు 21 వాట్ల బల్బు తీసి రెండు మూడు వాట్ల ఎల్ఈడీ పెట్టారనుకోండి. ఫ్లాషర్‌కి అర్థమయ్యేదేమిటి? "బల్బు మాడిపోయింది!" అని. అందుకే అది టకటకా కొట్టుకుంటుంది. అది చెడిపోయి కాదు, తన డ్యూటీ తను చేస్తోంది. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల ప్రకారం ఇండికేటర్ నిమిషానికి 90 సార్లు, ముప్పై అటూ ఇటూగా వెలగాలి. ఈ టకటక ఆ హద్దు దాటిపోతుంది. వెనకాల వచ్చేవాడికి అది సిగ్నలో, లూజ్ కాంటాక్టో తెలియదు.

అన్నట్టు, ఇప్పటి చాలా కార్లలో ఆ టిక్-టక్ శబ్దాన్ని కూడా స్పీకర్లోంచి వాయిస్తున్నారు. ఫ్లాపీ డిస్కులు పోయి ఇన్నేళ్ళయినా సేవ్ బటన్ మీద ఫ్లాపీ బొమ్మ ఉన్నట్టే.

ఈ టకటకకి బజార్లో దొరికే మందు లోడ్ రెసిస్టర్. ఆరు ఓములు, యాభై వాట్లు అని రాసుంటుంది. ఎల్ఈడీకి పక్కన దాన్ని కలిపితే ఫ్లాషర్ "ఆహా, బల్బు ఉంది" అనుకుంటుంది. యూనిట్ టెస్టు పాసవడానికి మాక్ ఆబ్జెక్టు పెట్టినట్టు. కానీ 13.5 వోల్టుల దగ్గర ఆ రెసిస్టర్ వెలిగినంతసేపూ 30 వాట్ల వేడి పుట్టిస్తుంది. కరెంటు ఆదా అని ఎల్ఈడీ పెట్టి, ఆదా అయిన కరెంటంతా వేడి కింద తగలేయడం! 2014లో నా కారుకి ఇదే చేయించాను. బిగించినవాడు రెసిస్టర్‌ని ప్లాస్టిక్ మీద టేపుతో అతికించాడు. హజార్డ్ లైట్లు వేసి ఓ వానలో అరగంట ఆగితే ఏదో కాలిన వాసన. విప్పి చూస్తే లోపలి ప్లాస్టిక్‌కి చిల్లు. సరైన పద్ధతి ఏంటంటే, కరెంటు కొలవని ఎల్ఈడీ ఫ్లాషర్ వేసుకోవడం. అప్పుడు బల్బు పోయినా చెప్పేవాళ్ళుండరని గుర్తుపెట్టుకోవడం. ఒకవేళ ఫ్లాషర్ విడిగా లేకుండా కారు కంప్యూటర్లోనే ఉంటే ఆ దారి కూడా ఉండదు.

కంప్యూటర్ అన్నాం కాబట్టి ఇక మన పేటలోకి వచ్చేశాం. కారులో వైర్ల మోపు పెరిగిపోతోందని బాష్ కంపెనీ 1983లో క్యాన్ బస్ పని మొదలుపెట్టి, 1986లో డెట్రాయిట్ సభలో లోకానికి చూపించింది. 1991 మెర్సిడెస్ ఎస్-క్లాస్ నుంచి అది కార్లలోకి దిగింది. స్విచ్చు నొక్కితే నేరుగా బల్బుకి కరెంటు వెళ్ళడం పోయి, స్విచ్చు ఒక మెసేజ్ పంపితే బాడీ కంట్రోల్ మాడ్యూల్ బల్బుని వెలిగించే రోజులొచ్చాయి.

ఈ మాడ్యూల్ రెండు పనులు చేస్తుంది. ఒకటి, బల్బుకి నిలకడైన కరెంటు బదులు సెకనుకి వంద, రెండొందల సార్లు ఆన్-ఆఫ్ చేస్తూ పంపుతుంది. పగటి లైటుని కాస్త తగ్గించి వెలిగించడానికి, బల్బు ఆయుష్షు పెంచడానికి ఇది మంచి ఉపాయం. తీగ వేడి సగటు పట్టేస్తుంది కాబట్టి ఫిలమెంటుకి తేడా తెలియదు. ఎల్ఈడీ ప్రతి ఆఫ్‌నీ నిజాయితీగా చూపించేస్తుంది. రెండు, లైటు ఆపి ఉన్నప్పుడు కూడా అప్పుడప్పుడూ చిన్న పల్స్ పంపి బల్బు బతికుందా లేదా అని తడిమి చూస్తుంది. చల్లటి ఫిలమెంటు నిరోధం వేడి దానిలో పదో వంతే ఉంటుంది. ఆ చిన్న పల్స్‌కి అది గోరువెచ్చన కూడా అవ్వదు. ఎల్ఈడీ అయితే చటుక్కున మెరుస్తుంది. లైటు ఆపేసిన కారు చీకట్లో దానంతటదే కన్ను కొడుతుంటే దెయ్యం పట్టిందనుకోకండి. అది హెల్త్ చెక్ పింగ్, అంతే.

"క్యాన్‌బస్ ఎల్ఈడీ బల్బు" అని డబ్బా మీద రాసి ఎక్కువ ధరకి అమ్ముతారు చూడండి, ఆ మాటకి అర్థం మీరెప్పుడైనా ఆలోచించారా? బల్బుకి వచ్చేది రెండు మూడు వైర్లు. అందులో డేటా వైరు లేదు. క్యాన్ బస్ మాడ్యూల్ దగ్గరే ఆగిపోతుంది, బల్బు దాకా రాదు. ఆ బల్బులో నిజంగా ఉండేది మాడ్యూల్‌ని నమ్మించే రెసిస్టర్, కాస్త కెపాసిటర్. పేరు ప్రోటోకాల్‌ది, సరుకు మన పాత మాక్ ఆబ్జెక్టే.

ఇంతా చెప్పాక ఎల్ఈడీని దోషిలా నిలబెట్టినట్టుంది. దాని చరిత్ర కూడా చెప్పకపోతే అన్యాయం. 1907లో హెన్రీ రౌండ్ అనే బ్రిటిష్ ఇంజనీరు కార్బొరండం ముక్కకి కరెంటిస్తే పసుపుపచ్చగా మెరిసిందని పత్రికకి ఓ చిన్న ఉత్తరం రాసి వదిలేశాడు. 1920లలో రష్యాలో ఒలేగ్ లోసెవ్ దాన్ని పట్టుకుని పరిశోధన చేశాడు. ఆ వెలుగు వేడి వల్ల వచ్చేది కాదని, మహా వేగంగా వెలిగి ఆరగలదని అతనికి అప్పుడే తెలుసు. 1942లో లెనిన్‌గ్రాడ్ దిగ్బంధంలో ఆకలితో చనిపోయాడు. 1962లో నిక్ హోలోన్యాక్ కంటికి కనిపించే ఎర్ర ఎల్ఈడీ చేశాడు. నీలం లేక మూడు దశాబ్దాలు తెల్లవెలుగు రాలేదు. 1993లో జపాన్‌లో షుజి నకమురా ప్రకాశవంతమైన నీలం ఎల్ఈడీ సాధించాక దారి తెరుచుకుంది. అకసాకి, అమానోలతో పాటు ఆయనకి 2014లో నోబెల్ వచ్చింది. 2007లో లెక్సస్ ఎల్ఎస్ 600హెచ్ కారుకి ఎల్ఈడీ లో-బీమ్ హెడ్‌లైట్లు వచ్చాయి.

లోసెవ్ గమనించిన ఆ వేగమే ఎల్ఈడీకి వరం. ఫిలమెంటు బ్రేకు లైటు పూర్తిగా వెలగడానికి సెకనులో అయిదో వంతు పడుతుంది. ఎల్ఈడీకి ఆ ఆలస్యం లేదు. గంటకి వంద కిలోమీటర్ల వేగంలో ఆ తేడా అయిదున్నర మీటర్లు! వెనక కారువాడికి అయిదున్నర మీటర్ల ముందు తెలిసిందంటే ఒక ప్రాణం మిగిలినట్టే. ఆ వేగమే పాత బండిలో పెడితే మినుకు. గుణం ఒక్కటే, ఇల్లు మారితే దోషమవుతోంది. మొదట్నుంచీ ఎల్ఈడీ కోసమే డిజైన్ చేసిన బండిలో ఈ గొడవే లేదు.

మినుకు ఆపినంత మాత్రాన పని అయిపోలేదు. హెడ్‌లైట్ డూమ్ లోపలి అద్దం ఒంపుల్ని ఫిలమెంటు ఉండే చోటుని బట్టి మలుస్తారు. ఎల్ఈడీ చిప్పు ఆ చోటులో, ఆ ఆకారంలో లేకపోతే వెలుతురు రోడ్డు మీద కాక ఎదుటివాడి కళ్ళలో పడుతుంది. జర్మనీలో 2020లో మొదటిసారి ఓస్రామ్ ఎల్ఈడీ బల్బుని పాత హాలోజన్ స్థానంలో వాడటానికి అనుమతిచ్చినప్పుడు, ఏ బల్బు ఏ కారు మోడల్లో అని పరీక్ష చేసి మరీ జాబితా ఇచ్చారు. అంటే బల్బుకి సర్టిఫికెట్ లేదు, జంటకి ఉంది. మా మెకానిక్ చెప్పిన "పరిచయం" అదే. మనదగ్గర మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది.

ఇప్పటికే ఎల్ఈడీ పెట్టుకుని మినుకుతో వేగుతున్నవాళ్ళకి, నేను నేర్చుకున్న క్రమం చెబుతాను. మొదట పాత బల్బు వెనక్కి పెట్టి చూడండి. రోల్‌బ్యాక్ అన్నమాట. దానితో కూడా మినుకుంటే దోషం బల్బుది కాదు. హోల్డర్, ఎర్త్ వైరు, తుప్పు చూడండి. మినుకు పోతే, ఇంజన్ వేగంతో మారుతోందా లేదా గమనించండి. ఇంజన్ ఆపితే లైటే వెలగని బండి అయితే అది కాయిల్ మీద నడిచే ఏసీ లైటు. టకటక కొట్టేది ఇండికేటర్లయితే అది ఫ్లాషర్ పని. ఇంజన్ వేగంతో సంబంధం లేకుండా సన్నగా వణుకుతుంటే సెల్ఫోన్ కెమెరాలోంచి చూడండి, అడ్డచారలు కనిపిస్తే ఆన్-ఆఫ్ పల్సులని అనుమానించవచ్చు. కారణం తెలియకుండా రెసిస్టర్ మాత్రం పెట్టించకండి. ఎర్రర్ మెసేజ్‌ని కామెంట్ చేసేసి బగ్ పోయిందనుకోవడం అది.

మన ఫీల్డులో హైరమ్ సూత్రం అని ఒకటుంది. ఒక ఇంటర్‌ఫేస్‌ని వాడేవాళ్ళు ఎక్కువయ్యే కొద్దీ, మీరు హామీ ఇవ్వని ప్రవర్తన మీద కూడా ఎవరో ఒకరు ఆధారపడిపోతారని దాని సారాంశం. బల్బు వేడెక్కుతుందని, కరెంటు బాగా తింటుందని, నెమ్మదిగా వెలుగుతుందని మనం తిట్టుకున్నాం. ఆ వేడి మీద, ఆ తిండి మీద, ఆ నెమ్మది మీద వందేళ్ళ పాటు ఎవరెవరో ఇళ్ళు కట్టుకున్నారు. దాన్ని పీకేశాక గానీ ఆ గోడలు మనకి కనపడలేదు.

2021 ఉగాదికి మళ్ళీ ఊరెళ్ళాను. ఈసారి నేనేం కొనలేదు. మెకానిక్ షెడ్డు ముందు బల్ల మీద కూర్చున్నాను. ఆయన డూమ్ విప్పి చూపించాడు. పద్నాలుగేళ్ళకి లోపలి మెరుపు పోయి బూడిదరంగుకి తిరిగింది. "వెలుతురు లేంది బల్బుకి కాదు మాస్టారూ, అద్దానికి" అన్నాడు నాన్నతో. కొత్త డూమ్, కొత్త 35 వాట్ల హాలోజన్ బల్బు, గీకి శుభ్రం చేసిన ఎర్త్. ఆ రాత్రి కాలవగట్టు మీద నాన్న నడుపుతుంటే వెనక కూర్చున్నాను. పసుపు వెలుతురే, కానీ గట్టు అంచు దాకా స్పష్టంగా పరుచుకుంది. మలుపు దగ్గర బండి స్లో చేస్తే కాస్త మసకబారింది, ఆరిపోలేదు.

"ఇది ముందే చేసుంటే పోయేదిగా" అన్నారు నాన్న.

నిజమే. నేను కొత్తది ఏం పెట్టాలని అడిగాను తప్ప, పాతది ఎందుకు సరిగ్గా పనిచేయట్లేదని అడగలేదు. అప్పట్నుంచి ఆఫీసులో ఎవరైనా "ఆ పాత మాడ్యూల్ ఎందుకు, తీసి పారేద్దాం" అన్నప్పుడల్లా నాకు కాగితంలో చుట్టిన ఆ బల్బు గుర్తొస్తుంది. తీసేయొద్దనను. అది ఏమేం మోస్తోందో ఓసారి చూసి తీద్దాం అంటాను. మీ ప్రాజెక్టులో కూడా అలాంటి బల్బు ఒకటి ఉండే ఉంటుంది కదూ?